చిక్కుబడిన ఫోటాన్ల జంటలో ముందు కొలిచింది ఎవరు? స్థానికత, కార్యకారణ క్రమం గురించి ఒక సందేహం

ప్రశ్న: బోర్డుసుద్ద

నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. 2022లో అలైన్ ఆస్పెక్ట్, జాన్ క్లౌజర్, ఆంటన్ జైలింగర్‌లకు నోబెల్ బహుమతి వచ్చినప్పటి నుంచి, ఏటా సిలబస్ పూర్తయ్యాక ఒక పీరియడ్‌ను చిక్కుబడిన కణాల (దూరంగా ఉన్నా కొలత ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే కణాల) కోసం కేటాయించడం అలవాటు చేసుకున్నాను. ఈ ఏడాది ఆ పీరియడ్‌లో బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. మొదటిది: చిక్కుబడిన రెండు ఫోటాన్లలో ఒకదాని ధ్రువణాన్ని (కాంతి తరంగం కంపించే దిశను) కొలిస్తే, రెండవది ఎంత దూరంలో ఉన్నా దాని స్థితి తక్షణమే మారుతుంది. రెండవది, స్థానికత అని పిలిచేది: ఏ ప్రభావమూ కాంతి కంటే వేగంగా ప్రయాణించదు.

వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "తక్షణమే అంటే ఎవరి గడియారం ప్రకారం సార్?" అని అడిగింది. ఏకకాలికత అందరికీ ఒకటి కాదని, రైలులో ఉన్నవారికి ఒకేసారి జరిగినట్టు కనిపించే రెండు సంఘటనలు ప్లాట్‌ఫారం మీద నిలబడినవారికి ముందూ వెనుకగా కనిపించవచ్చని అంతకు ముందు వారమే నేను చెప్పి ఉన్నాను. ఆ లెక్కన ఒకరి దృష్టిలో ఇక్కడి కొలత కారణం, అక్కడిది కార్యం అవుతుంది. మరొకరి దృష్టిలో అది తలకిందులవుతుంది. కారణం ఏదో, కార్యం ఏదో చూసేవారిని బట్టి మారిపోతే దానిని కారణమని ఎలా అంటామన్నది ఆమె సందేహం.

నేను చెప్పుల జత ఉదాహరణతో తప్పించుకున్నాను. ఒక జత చెప్పులను రెండు పెట్టెల్లో పెట్టి ఒకటి విజయవాడకు, ఒకటి హైదరాబాద్‌కు పంపితే, ఇక్కడ పెట్టె తెరిచి ఎడమ కాలి చెప్పు చూసిన క్షణానే అక్కడ ఉన్నది కుడి కాలిదని తెలిసిపోతుంది. అందులో ప్రయాణించినది ఏదీ లేదు అన్నాను. గంట కొట్టారు. ఇంటికి వెళ్తూ ఉంటే గుర్తుకు వచ్చింది, సరిగ్గా ఆ చెప్పుల వివరణ చెల్లదనే కదా ఆ ముగ్గురి ప్రయోగాలూ తేల్చింది!

కాబట్టి నాకు రెండు విషయాలు కావాలి. చెప్పుల ఉదాహరణ ఎందుకు సరిపోదో ఇంటర్ పిల్లలకు బోర్డు మీద లెక్కించి చూపించగలిగే దారి ఒకటి. ఆ అమ్మాయి అడిగిన ముందు వెనుకల ప్రశ్నకు నిజాయితీగా ఇవ్వగలిగిన జవాబు మరొకటి.

జవాబు 1: కృష్ణాతీరం

బోర్డుసుద్ద గారూ, ముందుగా చెప్పుల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే రెండవ ప్రశ్నకు పదును వచ్చేది దాని తరువాతే. మీ ఉదాహరణ పూర్తిగా తప్పు కాదు. రెండు వైపులా ఒకే కోణంలో కొలిచినంత వరకు అది చక్కగా నప్పుతుంది. 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ కలిసి రాసిన వ్యాసం సారం కూడా ఇంచుమించు అదే: అక్కడి ఫలితాన్ని ఇక్కడి నుంచి నూటికి నూరుపాళ్లు ముందే చెప్పగలుగుతున్నాము, పైగా ఇక్కడ మనం చేసే పని అక్కడి దానిని తాకదు అనుకుంటున్నాము, అలాంటప్పుడు ఆ ఫలితం అక్కడ మొదటి నుంచీ నిర్ణయమై ఉండి తీరాలి, క్వాంటం సిద్ధాంతంలో ఆ నిర్ణయానికి చోటు లేదు కనుక ఆ సిద్ధాంతం అసంపూర్ణం. ఈ తర్కంలో లోపం పట్టుకోవడం అంత తేలిక కాదు. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో పనిచేసిన ఐర్లండ్ భౌతికవేత్త జాన్ బెల్ 1964లో ఆ తర్కాన్ని తోసిపుచ్చలేదు, దానిని ఒక అడుగు ముందుకు నడిపించాడు. రెండు వైపులా వేర్వేరు కోణాలలో కొలిస్తే ఏమవుతుందని అడిగాడు.

బోర్డు మీద ఇలా చూపించవచ్చు. ఫోటాన్ల జంటను చెరో దిక్కుకు పంపుతాము. ప్రతి వైపునా ఒక పోలరాయిడ్, అంటే ఒక దిశ ధ్రువణాన్నే దాటనిచ్చే పలక, ఉంటుంది. దానిని 0, 60, 120 డిగ్రీలలో ఏదో ఒక కోణంలో, ఫోటాన్ చేరబోయే ముందు, పాచిక వేసినట్టుగా ఎంచుకుంటారు. ఫోటాన్ దానిని దాటుతుంది, లేదా ఆగుతుంది. రెండు వైపులా ఒకే కోణం పడినప్పుడల్లా రెండూ దాటుతాయి లేదా రెండూ ఆగుతాయి. ఇందులో తేడా రాదు.

ఇప్పుడు ఫోటాన్లను వేర్వేరు గదుల్లో పరీక్ష రాయబోతున్న ఇద్దరు స్నేహితులుగా ఊహించండి. ఏ ప్రశ్న వస్తుందో వారికి తెలియదు, లోపలికి వెళ్లాక మాట్లాడుకోలేరు, కాని ఒకే ప్రశ్న వస్తే ఒకే జవాబు రాసి తీరాలి. అందుకు ఒక్కటే ఉపాయం: మూడు ప్రశ్నలకూ జవాబులు ముందే ఒప్పందం చేసుకుని, ఒకే రకం చీటీ ఇద్దరూ జేబులో పెట్టుకోవడం. లోపల బొమ్మా బొరుసూ వేసుకుని జవాబు రాస్తే ఎప్పుడో ఒకప్పుడు పొంతన తప్పుతుంది. చీటీలో మూడు గడులుంటాయి, ప్రతి గడిలో "దాటు" లేదా "ఆగు" అని ఉంటుంది, కనుక మొత్తం ఎనిమిది రకాల చీటీలే సాధ్యం.

ఆ ఎనిమిదింటిలో రెండు చీటీలలో మూడు గడులూ ఒకటే: అన్నీ దాటు, లేదా అన్నీ ఆగు. ఈ చీటీలు ఉన్నప్పుడు వేర్వేరు కోణాలు పడినా జవాబులు కలుస్తాయి. మిగిలిన ఆరింటిలో రెండు గడులు ఒక రకం, ఒకటి మరో రకం. ఉదాహరణకు 0 దగ్గర దాటు, 60 దగ్గర దాటు, 120 దగ్గర ఆగు అని రాసుకున్నారనుకుందాం. 0, 60 పడితే జవాబులు కలుస్తాయి. 0, 120 పడితే కలవవు. 60, 120 పడినా కలవవు. అంటే మూడింట ఒక్కసారి కలుస్తాయి. కనుక ఏ చీటీలు ఏ నిష్పత్తిలో వాడినా, వేర్వేరు కోణాలు పడిన 900 సందర్భాలలో సగటున కనీసం 300 సార్లు జవాబులు కలవాలి. అంతకంటే తగ్గించే చీటీ లేదు. మూడు గడుల్లో రెండే రకాల మాటలు రాయాలంటే ఏవో రెండు గడులు ఒకటి కాక తప్పదు. ఇంతకు మించి గణితం అక్కర్లేదు.

క్వాంటం సిద్ధాంతం చెప్పేది వేరు. జవాబులు కలిసే సంభావ్యత రెండు కోణాల మధ్య తేడాకు కొసైన్ వర్గం. తేడా 60 అయినా 120 అయినా అది నాలుగింట ఒకటే. అంటే 900లో 225. చీటీలతో 300 కంటే కిందికి దిగలేని చోట ప్రకృతి 225 దగ్గర నిలబడుతుంది.

నిజమైన ప్రయోగశాలలో ఒకే కోణం దగ్గర నూటికి నూరుపాళ్ల పొంతన ఎవరికీ దొరకదు కనుక ఈ మూడు కోణాల లెక్కను యథాతథంగా వాడరు. 1969లో క్లౌజర్, హార్న్, షిమొనీ, హోల్ట్ అనే నలుగురు, పొంతన కాస్త తగ్గినా పనికివచ్చే మరో అసమానతను, అంటే జవాబుల పొంతనల నుంచి లెక్కకట్టే ఒక సంఖ్యకు హద్దు పెట్టే సూత్రాన్ని, ఇచ్చారు. అందులో చీటీల హద్దు 2, క్వాంటం సిద్ధాంతపు హద్దు 2√2, అంటే సుమారు 2.83. 1972లో బర్క్‌లీలో ఫ్రీడ్‌మన్, క్లౌజర్ కాల్షియం పరమాణువుల నుంచి వెలువడిన ఫోటాన్లతో మొదటి పరీక్ష చేశారు. 1982లో పారిస్ దగ్గర ఒర్సేలో ఆస్పెక్ట్ బృందం చేసిన పరీక్షలో రెండు కొలతల మధ్య దూరం 12 మీటర్లు. ఆ దూరం దాటడానికి కాంతికి 40 నానోసెకన్లు కావాలి. కోణాన్ని మార్చే స్విచ్చి అంతకంటే చాలా త్వరగా, దాదాపు 10 నానోసెకన్లకు ఒకసారి మారుతూ వచ్చింది. పరీక్ష గదిలో ఉన్నవాడికి పక్క గది ప్రశ్న చేరే వ్యవధి లేకుండా చేయడం అన్నమాట. చీటీల హద్దు అక్కడ కూడా దాటింది.

జవాబు 2: లోలకం

కృష్ణాతీరం గారు చెప్పుల సంగతి చూశారు కనుక నేను గడియారం సంగతికి వస్తాను. ఆ అమ్మాయి ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. నా అభిప్రాయంలో మీ బోర్డు మీది మొదటి వాక్యంలో "తక్షణమే" అన్న మాటను ఆమె పట్టుకోవడం సరైన చోట పట్టుకోవడమే.

రెండు కొలతల మధ్య కాంతి కూడా ప్రయాణించలేనంత ఎడం ఉన్నప్పుడు, వాటిలో ఏది ముందు అన్న ప్రశ్నకు సాపేక్ష సిద్ధాంతంలో అందరికీ చెల్లే జవాబు లేదు. విశేషం ఏమిటంటే క్వాంటం సిద్ధాంతపు సంభావ్యతలలో కూడా ఆ క్రమానికి పని లేదు. పైన చెప్పిన ప్రయోగంలో రెండూ దాటే సంభావ్యత, కోణాల తేడాకు కొసైన్ వర్గంలో సగం. ఎడమవైపు ముందు కొలిచారని లెక్క మొదలుపెట్టినా, కుడివైపు ముందు కొలిచారని మొదలుపెట్టినా వచ్చే సంఖ్య అదే. "మొదటి కొలత రెండవదాన్ని మార్చింది" అన్నది మనం లెక్క చేసే వరుసే తప్ప, సంఖ్యలలో దాని ఆనవాలు ఎక్కడా మిగలదు.

ఇది కేవలం కాగితం మీది మాట కాదు. ప్రతి కొలత పరికరమూ తన నిర్దేశ చట్రంలో (తనతో పాటు కదిలే గడియారం, కొలబద్దల లెక్కలో) తానే ముందు కొలిచానని అనుకునే పరిస్థితి కల్పిస్తే పొంతన మాయమవుతుందని సువారెజ్, స్కరాని 1997లో ఒక ప్రతిపాదన చేశారు. ఏది ముందు అన్నది నిజంగా పరికరం చట్రంలో నిర్ణయమయ్యే విషయమైతే అలా జరగాలి మరి. దానిని పరీక్షించాలంటే పరికరాలు ఒకదానికొకటి దూరంగా వేగంగా కదులుతూ ఉండాలి. జెనీవాలో గిసాన్ బృందం పరికరాలను మోసుకుంటూ పరుగెత్తలేదు. స్ఫటికంలో ధ్వని తరంగాన్ని పంపి, కదులుతున్న ఆ తరంగాన్నే ఫోటాన్‌ను చీల్చే అద్దంగా వాడుకుంది. ఫలితాలు 2002లో వచ్చాయి. రెండు వైపులా "నేనే ముందు" అయిన స్థితిలో కూడా పొంతన చెక్కుచెదరలేదు.

అదే బృందం 2008లో ప్రశ్నను ఇంకోలా అడిగింది. మనకు కనిపించని ఒక ప్రత్యేక నిర్దేశ చట్రం ఉందనీ, అందులో ఒక కొలత నుంచి మరొకదానికి ఏదో ప్రభావం నిజంగానే పరుగెడుతోందనీ అనుకుంటే, దాని వేగం ఎంత ఉండాలి? జెనీవాకు అటూ ఇటూ ఉన్న సాటిన్యీ, జుసీ అనే రెండు గ్రామాలలో, 18 కిలోమీటర్ల ఎడంలో కొలిచి చూశారు. ఆ చట్రంలో భూమి వేగం కాంతి వేగంలో వెయ్యవ వంతుకు మించదనుకుంటే, ఆ ప్రభావం కాంతి కంటే కనీసం 10,000 రెట్లు వేగంగా వెళ్లాలని తేలింది. అటువంటి ప్రభావం ఉండకూడదని దీనివల్ల రుజువు కాలేదు. ఉన్నదనుకునేవారు చెల్లించవలసిన ధర మాత్రం తెలిసింది.

ఇక సందేశాల సంగతి. ఎడమవైపు ఫోటాన్ దాటే సంభావ్యత ఎంతో చూడండి. కుడివైపు దాటినప్పుడు ఎడమవైపు కూడా దాటడం: కొసైన్ వర్గంలో సగం. కుడివైపు ఆగినప్పుడు ఎడమవైపు దాటడం: సైన్ వర్గంలో సగం. రెండూ కలిపితే సరిగ్గా సగం. కుడివైపు వారు కోణాన్ని ఎలా తిప్పినా ఎడమవైపు వారికి కనిపించేది బొమ్మా బొరుసూ మాత్రమే. రెండు వైపుల కాగితాలూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి పోల్చేదాకా ఆ పొంతన ఎవరికీ కనపడదు, ఆ కాగితాలేమో మామూలు వేగంతోనే రావాలి.

ఈ గోడకు కన్నం వేయాలని చూసినవారు లేకపోలేదు. నిక్ హెర్బర్ట్ అనే భౌతికవేత్త, వచ్చిన ఒక్క ఫోటాన్‌ను లేజర్‌తో అనేక నకళ్లుగా మార్చి కొలిస్తే అవతలి కోణం తెలిసిపోతుందని ఒక పథకం వేశాడు. అందులో తప్పు ఎక్కడుందో వెతికే క్రమంలోనే 1982లో వూటర్స్, జురెక్ కలిసి, డీక్స్ విడిగా, తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని నిరూపించారు. ఈనాడు క్వాంటం రహస్య సంకేతాల భద్రతకు పునాది ఆ సిద్ధాంతమే. తప్పు పథకాలు కూడా ఒక్కొక్కసారి ఇంత మేలు చేస్తాయి.

జవాబు 3: అడ్డుప్రశ్న

పై ఇద్దరూ వివరంగా రాశారు గాని, చదివేవారికి "క్వాంటం సిద్ధాంతం స్థానికతను ఉల్లంఘిస్తుంది" అన్న అభిప్రాయమే మిగులుతుందని నా భయం. నాకు అది సమ్మతం కాదు.

క్వాంటం సిద్ధాంతాన్నీ సాపేక్ష సిద్ధాంతాన్నీ కలిపిన క్వాంటం క్షేత్ర సిద్ధాంతం చదివినవారికి తెలుసు, ఆ సిద్ధాంతపు నిర్మాణంలోనే స్థానికత ఉంది. కాంతి కూడా చేరలేనంత ఎడం ఉన్న రెండు చోట్ల కొలవగలిగే రాశులను సూచించే ఆపరేటర్లు ఒకదానితో ఒకటి క్రమవినిమయం పాటిస్తాయి, అంటే వాటిని ఏ వరుసలో గుణించినా ఫలితం ఒకటే. లోలకం గారు చూపిన "సరిగ్గా సగం" యాదృచ్ఛికం కాదు, ఆ నియమం నుంచి వచ్చినదే. సూక్ష్మ కారణత్వం అని దానికి పేరు కూడా పెట్టారు. ఇంత కట్టుదిట్టమైన సిద్ధాంతానికి దూరప్రభావం అంటగట్టడం న్యాయమా?

రెండవ అభ్యంతరం. బెల్ లెక్కలో చీటీలు ఉన్నాయనుకోవడం ఒక ఊహ. కొలవక ముందే జవాబులు ఉన్నాయని అనుకున్నాము, వైరుధ్యం వచ్చింది. అప్పుడు వదలవలసినది ఆ ఊహనే కదా? 1935లోనే బోర్ తన సమాధానంలో, ఏ పరికరంతో కొలుస్తున్నామో చెప్పకుండా కణానికి ఫలానా లక్షణం ఉందనడం కుదరదని స్పష్టం చేశాడు. చీటీలు లేవనుకుంటే స్థానికతను బలిపెట్టవలసిన అవసరమే లేదు. పత్రికలలో "స్థానిక వాస్తవికత" ఓడిపోయిందని రాస్తారు. అందులో ఓడింది వాస్తవికత, అంటే కొలవక ముందే జవాబులు ఉన్నాయన్న ఊహ, స్థానికత కాదు.

జవాబు 4: కృష్ణాతీరం

అడ్డుప్రశ్న గారూ, మీ మొదటి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. రెండవ మాటతో ఏకీభవించలేను. ఎందుకో కాస్త నిదానంగా చెబుతాను.

చీటీలు ఉన్నాయని నేను మొదట ఊహించలేదని గమనించండి. ఒకే ప్రశ్నకు ఎప్పుడూ ఒకే జవాబు రావాలి, గదుల మధ్య మాటలు లేవు అన్న రెండు విషయాల నుంచి చీటీలు తప్పనిసరై వచ్చాయి. బోర్ చెప్పినట్టు చీటీలు లేవనుకుంటే, 0 దగ్గర ఇక్కడ దాటిన ప్రతిసారీ 0 దగ్గర అక్కడ కూడా ఎందుకు దాటుతోంది? జవాబులు ముందే లేవు, అప్పటికప్పుడు చెరో వైపున విడివిడిగా పుడుతున్నాయి, అయినా ఒక్కసారీ తప్పకుండా కలుస్తున్నాయి అనడం చీటీలను వదిలి సమస్యను ఇంకా పెద్దది చేసుకోవడమే. వాస్తవికత అనే వేరే ఊహ ఒకటి పక్కన ఉందనీ, దానిని వదిలేస్తే అంతా చక్కబడుతుందనీ అనిపించేది ఐన్‌స్టీన్ వేసిన తొలి అడుగును మరిచిపోయినప్పుడే. తన వాదాన్ని జనం ఇలా అపార్థం చేసుకుంటున్నారని బెల్ స్వయంగా అనేకసార్లు వాపోయాడు.

ఇక మీ మొదటి మాట. సూక్ష్మ కారణత్వం ఉన్న మాట నిజం. కాని అది చెప్పేది ఇక్కడ మీట తిప్పితే అక్కడి సగటులు మారవని మాత్రమే. బెల్ 1976లో నిర్వచించి, 1990లో తాను మరణించిన ఏడాది మళ్లీ సానబెట్టిన "స్థానిక కారణత్వం" అంతకంటే బలమైనది. దానికి మన తీరంలో ఒక ఉదాహరణ ఉంది. బంగాళాఖాతంలో తుఫాను ఉన్నప్పుడు కాకినాడ రేవులోనూ విశాఖ రేవులోనూ మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారనుకోండి. కాకినాడ వారు ఎగురవేయడం విశాఖ వారు ఎగురవేయడానికి కారణం కాదు. రెండింటికీ కారణం వాతావరణ శాఖ పంపిన ఒకే బులెటిన్. ఆ బులెటిన్ చదివినవారికి విశాఖ సంగతి తెలుసుకోవడానికి కాకినాడ వైపు చూడవలసిన పని లేదు, చూసినా కొత్తగా తెలిసేది లేదు. స్థానిక కారణత్వం అడిగేది ఇంతే: రెండు దూరపు సంఘటనలకు పొంతన ఉంటే, వాటి ఉమ్మడి గతంలో ఒక బులెటిన్ ఉండాలి, దానిని పూర్తిగా చదివాక ఒకదాని ఫలితం రెండవదాని గురించి ఇంకేమీ చెప్పకూడదు. బులెటిన్‌లో ఉన్నది ఖచ్చితమైన ఆజ్ఞే కానక్కరలేదు, సంభావ్యతలైనా ఫరవాలేదు. అంతటి సడలింపు ఇచ్చినా 2 అనే హద్దు వస్తుంది, ప్రకృతి దానిని దాటుతుంది.

అందువల్ల మనకు అలవాటైన మూడు దారులూ మూసుకుపోతాయి. రెండు సంగతులు పదేపదే జతగా జరుగుతుంటే ఒకటి రెండవదానికి కారణం కావాలి, లేదా రెండింటికీ వెనక ఒకే కారణం ఉండాలి, అదీ కాకపోతే కాకతాళీయం. మొదటిదానికి సాపేక్ష సిద్ధాంతం అడ్డు, రెండవదానికి బెల్ అడ్డు. కాకి వాలినప్పుడల్లా తాటిపండు లెక్క ప్రకారం రాలుతుంటే మూడవదీ చెల్లదు. మిగిలినదానికి మన భాషలోనే కాదు, ఏ భాషలోనూ ఒప్పుకున్న పేరు లేదు. ఐన్‌స్టీన్ 1947లో మాక్స్ బోర్న్‌కు రాసిన ఉత్తరంలో దయ్యపు చేష్ట అని అర్థం వచ్చే జర్మన్ మాట వాడాడు. అది పేరు కాదు, విసుగు.

ఈ చిక్కు నుంచి బయటపడే దారులు ఉన్నాయి, ప్రతి దానికీ ఒక సుంకం ఉంది. 1952లో డేవిడ్ బోమ్ ఇచ్చిన సిద్ధాంతంలో కణాలకు నిశ్చితమైన మార్గాలు ఉంటాయి. దానికి ఎవరికీ కనబడని ఒక ముందు వెనుకల క్రమం కావాలి. బహుళ ప్రపంచాల వారు ప్రతి కొలతకూ ఒకే ఫలితం వస్తుందన్న మాటనే ఒప్పుకోరు కనుక వారికి బెల్ లెక్క తగలదు. మరొక దారి, పాచికలు స్వతంత్రం కావని, ఏ కోణం పడుతుందో చీటీకి ముందే తెలుసనీ అనడం. దానిని ఇరుకున పెట్టడానికి 2018లో జైలింగర్ బృందం పాచికల బదులు క్వేసార్ల (అతి దూరపు, అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాల) కాంతిని వాడింది. ఒక క్వేసార్ కాంతి కనీసం 780 కోట్ల సంవత్సరాల క్రితం బయలుదేరినది. చీటీ, పాచిక కుమ్మక్కు అయ్యాయంటే ఆ కుట్ర అంతకు ముందే జరిగి ఉండాలి. నా మొగ్గు ఎటు అని అడిగితే, ఈ చివరి దారి నాకు అసలు రుచించదు. అది ఏ ప్రయోగం మీదనైనా నమ్మకం పోగొట్టే మందు.

జవాబు 5: అడ్డుప్రశ్న

ఒకే కోణం దగ్గరి పొంతన నుంచి చీటీలు పుట్టుకొస్తాయన్న మాట ఒప్పుకుంటున్నాను, దానిని నేను ఊహగా చూపడం తొందరపాటు. అయితే "ఉల్లంఘన" అన్న మాటను మాత్రం ఇంకా ఒప్పుకోను. ఉమ్మడి కారణం అన్న భావన తుఫాను బులెటిన్ల లోకం నుంచి మనం తెచ్చుకున్నది. ఫోటాన్లు దానిని పాటించకపోతే, స్థానికత తప్పిందనడానికి బదులు "ఉమ్మడి కారణం అంటే ఏమిటి" అన్న నిర్వచనాన్నే క్వాంటం స్థితులకు తగినట్టు తిరగరాయవచ్చు కదా. ఆ పని మీద కృషి చేస్తున్నవారు ఉన్నారు. మనం ఇద్దరం ఒకే సంఖ్యను చూస్తూ పేరు దగ్గర పోట్లాడుకుంటున్నామేమో.

బోర్డుసుద్ద

అందరికీ కృతజ్ఞతలు. మళ్లీ పీరియడ్ దొరకగానే చీటీల ఆటను తరగతిలో ఆడించాను. ఇద్దరు పిల్లలను వరండాకు ఇటు ఒకరిని, అటు ఒకరిని నిలబెట్టి, చెరో పాచిక ఇచ్చి, 1, 2 పడితే 0 డిగ్రీలు, 3, 4 పడితే 60, 5, 6 పడితే 120 అని చెప్పాను. ప్రతి ఆటకూ ముందు మాట్లాడుకుని చీటీ రాసుకోవచ్చు. 90 ఆటలు ఆడారు. 61 సార్లు వేర్వేరు కోణాలు పడ్డాయి, వాటిలో 22 సార్లు జవాబులు కలిశాయి. 36 శాతం. దానిని 25కు దించిన జట్టుకు బహుమతి అన్నాను, ఎవరివల్లా కాలేదు.

బోర్డు మీది పాత వాక్యం చెరిపి ఇలా రాశాను: చిక్కుబడిన రెండు ఫోటాన్ల కొలతల మధ్య పొంతనను ముందే రాసుకున్న ఏ చీటీతోనూ వివరించలేము, ఆ పొంతనతో ఏ సందేశమూ పంపలేము. వెనక బెంచీ అమ్మాయి ఈసారి వాక్యం జోలికి రాలేదు. "సార్, ప్రశ్న నచ్చకపోతే జవాబు చెప్పకుండా ఊరుకోవచ్చా? ఆ ఆటను లెక్కలోంచి తీసేస్తారా?" అని అడిగింది. కుదరదన్నాను. ఎందుకు కుదరదో మాత్రం చెప్పలేకపోయాను.

జవాబు 6: లోలకం

బహుమతి ఆమెకే ఇవ్వండి. నిజంగానే ఆ ఉపాయంతో 25కు దిగవచ్చు.

చీటీలో 0 దగ్గర దాటు, 60 దగ్గర దాటు, 120 దగ్గర ఆగు అని ఉందనుకోండి. ఎడమవైపు విద్యార్థి తనకు 0 పడితే నోరు విప్పడు, అంతే. వేర్వేరు కోణాలు పడే సందర్భాలు ఆరు. ఎడమ 0 ఉన్న రెండు లెక్కలోంచి పోతాయి. మిగిలిన నాలుగింటిలో జవాబులు కలిసేది ఎడమ 60, కుడి 0 పడినప్పుడు ఒక్కసారే. నాలుగింట ఒకటి! ఒకే కోణం పడినప్పటి పొంతనకు భంగం రాదు. ఏ చీటీలో ఏ గడి దగ్గర, ఏ వైపువారు మౌనం వహించాలన్నది ప్రతిసారీ మార్చుకుంటూ పోతే పట్టుకోవడం కూడా కష్టం.

1972లోనూ 1982లోనూ జరిగిన ప్రయోగాలలో సరిగ్గా ఈ కన్నమే మిగిలిపోయింది. డిటెక్టర్లు ఫోటాన్లలో చాలా కొద్ది భాగాన్నే పట్టుకునేవి. పట్టుబడినవి మొత్తానికి నమూనాగా నిలుస్తాయని నమ్మవలసి వచ్చేది. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఆ కన్నాన్నీ, ఎడం సరిపోదన్న కన్నాన్నీ ఒకే ప్రయోగంలో మూశారు. దాదాపు 1.3 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు వజ్రాలలోని ఎలక్ట్రాన్ స్పిన్‌లను (ఫోటాన్ ధ్రువణం లాగే కొలిస్తే రెండే జవాబులిచ్చే లక్షణాన్ని) వాడారు. చిక్కుముడి పడిందన్న కబురు విడిగా వస్తుంది, ఆ కబురు వచ్చిన ప్రతి ఆటలోనూ జవాబు తీసుకుంటారు, మౌనానికి అవకాశం లేదు. 220 గంటలకు దొరికినవి 245 ఆటలు. చీటీల హద్దు 2 అయిన ఆ అసమానతలో వచ్చిన విలువ 2.42, అటూ ఇటూ 0.20 తేడాతో. సంఖ్య చిన్నదే, కాని అదే ఏడాది వియన్నాలోనూ అమెరికాలోని బౌల్డర్‌లోనూ ఫోటాన్లతో చేసిన పరీక్షలు ఎంతో గట్టి గణాంకాలతో అదే మాట చెప్పాయి.

ఈసారి ఆట ఆడించేటప్పుడు మౌనాన్ని కూడా "ఆగు" కింద రాయమనండి. అప్పుడు ఒకే కోణం పడినప్పుడు పొంతన ఎన్నిసార్లు చెడుతుందో పిల్లలనే లెక్కపెట్టనివ్వండి.